సెట్టింగులను తమ ఎగ్జిక్యూటబుల్ ఫైలులోనే దాచుకునే ప్రోగ్రాములు

వాడుకరి ఎంచుకున్న రంగులు, ప్రింటరు రకం, కీల అమరిక, ఫోల్డర్ల చిరునామాల వంటి సెట్టింగులను చాలా ప్రోగ్రాములు ఒక విడి ఫైలులో రాసిపెట్టుకుంటాయి. కొన్ని ప్రోగ్రాములు మాత్రం తాము ఏ ఎగ్జిక్యూటబుల్ ఫైలు నుంచి నడుస్తున్నాయో ఆ ఫైలులోనే వాటిని రాసుకుంటాయి. వీటిలో ప్రోగ్రాము, దాని సెట్టింగులు వేరువేరుగా ఉండవు. ఫైలును కాపీ చేస్తే సెట్టింగులూ వెంట వెళతాయి, ఫైలు పోతే అవీ పోతాయి. 1970ల చివరి నుంచి 1990ల తొలినాళ్ల వరకు సీపీ/ఎం, ఎంఎస్-డాస్ వ్యవస్థలలో ఇది సాధారణ పద్ధతి. బహుళ వాడుకరుల వ్యవస్థలు, వైరస్ నిరోధకాలు, డిజిటల్ సంతకాలు వచ్చాక తగ్గిపోయింది. ఒకే ఫైలుగా పంచిపెట్టే కొన్ని ప్రోగ్రాములలో ఇప్పటికీ కనిపిస్తుంది.

## నిర్వచనం, పరిధి

ఈ తరగతిలో చేరే ప్రోగ్రాముకు మూడు లక్షణాలు ఉంటాయి. మొదటిది, మార్పు జరిగేది డిస్కు మీద ఉన్న ఫైలులో. రెండవది, మారేవి సెట్టింగుల విలువలు. ప్రోగ్రాము చేసే పని మారదు. మూడవది, మార్పు చేసేది ఆ ప్రోగ్రామే, లేదా దాని తయారీదారు దానితోపాటు ఇచ్చిన తోడు ప్రోగ్రాము.

దీనికి దగ్గరగా ఉన్నా దీని పరిధిలోకి రానివి మూడున్నాయి. నడుస్తున్నప్పుడు మెమరీలోని తన ఆదేశాలనే మార్చుకునే కోడు ఒకటి, అక్కడ డిస్కు మీద ఫైలు మారదు (చూ. స్వయం పరివర్తక కోడ్). రెండవది వైరస్, అది ఇతరుల ప్రోగ్రాము ఫైళ్లలో తన ప్రతిని చొప్పిస్తుంది (చూ. కంప్యూటర్ వైరస్). మూడవది ప్యాచ్, అది లోపాన్ని సరిదిద్దడానికి కోడునే మారుస్తుంది. సాంకేతికంగా చూస్తే ఈ పద్ధతితో కలిపి నాలుగింటిలోనూ జరిగేది బైట్లను తిరగరాయడమే. ఏ బైట్లను, ఎవరు, ఎందుకు మారుస్తున్నారన్న దాన్ని బట్టి పేరు మారుతుంది. ఈ పోలికే తరవాతి కాలంలో ఈ పద్ధతికి చిక్కులు తెచ్చిపెట్టింది.

## చరిత్ర

### సీపీ/ఎం కాలం

గ్యారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సీపీ/ఎం వ్యవస్థ అనేక కంపెనీల యంత్రాల మీద నడిచేది. ఒక్కో యంత్రానికి ఒక్కో రకం టెర్మినల్ ఉండేది. తెరను తుడవడానికి, కర్సరును ఫలానా వరుసకు తరలించడానికి పంపాల్సిన సంకేతాలు ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు ఒక రకం, వీటీ52కు మరో రకం. అన్ని యంత్రాలకూ ఒకే ప్రోగ్రామును అమ్మాలంటే కొన్నవారు దాన్ని తమ టెర్మినల్‌కు సరిపడేలా అమర్చుకునే వీలు కల్పించాలి.

రాబ్ బార్నబీ రాయగా మైక్రోప్రో సంస్థ 1978లో విడుదల చేసిన వర్డ్‌స్టార్ ఇందుకు మంచి ఉదాహరణ. దానితో ఇన్‌స్టాల్ అనే తోడు ప్రోగ్రాము వచ్చేది. అది టెర్మినల్, ప్రింటర్ల జాబితా చూపి, వాడుకరి ఎంచుకున్న దానికి తగిన సంకేతాలను వర్డ్‌స్టార్ ఫైలులో ఇందుకోసం కేటాయించిన చోట రాసేది. ఆ పని పూర్తయ్యాకే ప్రోగ్రాము ఆ యంత్రం మీద సరిగ్గా నడిచేది. జాబితాలో లేని టెర్మినల్ ఉన్నవారు ఏ చిరునామాలో ఏ బైటు ఉండాలో చూసుకుని స్వయంగా మార్చుకునేవారు. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. యంత్రంలో ఉన్న మెమరీకి తగినట్టు సీపీ/ఎంను సర్దడానికి మూవ్‌సీపీఎం, అలా సర్దిన ప్రతిని డిస్కు మీద రాయడానికి సిస్‌జెన్ ఉండేవి.

### డాస్ కాలం

1981లో వచ్చిన ఐబీఎం పీసీతో తెరల తేడాలు తగ్గాయి కానీ పద్ధతి కొనసాగింది. బోర్లాండ్ సంస్థ 1983లో విడుదల చేసిన టర్బో పాస్కల్‌తో టిన్‌స్ట్ అనే తోడు ప్రోగ్రాము ఇచ్చింది. తెర రకం, ఎడిటర్ ఆదేశాల కీలు అందులో ఎంచుకుంటే అవి టర్బో.కామ్ ఫైలులోకి చేరేవి. ఇదే సంస్థ సైడ్‌కిక్‌కు, టర్బో సికి కూడా ఇటువంటి తోడు ప్రోగ్రాములనే ఇచ్చింది. సెమ్‌వేర్ వారి క్యూఎడిట్ అనే ఎడిటర్‌కు క్యూకాన్ఫిగ్ ఉండేది.

తోడు ప్రోగ్రాము లేకుండా తన ఫైలును తానే రాసుకున్న వాటిలో వెర్నన్ బ్యూర్గ్ రాసిన లిస్ట్.కామ్ పేరున్నది. ఇది ఫైళ్లను తెర మీద చదవడానికి వాడే చిన్న ప్రోగ్రాము. రంగులు, ఇతర ఎంపికలు మార్చుకున్నాక ఆల్ట్ కీతో సి నొక్కితే ఆ ఎంపికలు ఇమిడి ఉన్న లిస్ట్.కామ్ తయారయ్యేది. ఈ చర్యకు రచయిత పెట్టిన పేరు క్లోన్.

### సెట్‌వెర్

ఆపరేటింగ్ సిస్టమ్ తయారీదారే ఈ పద్ధతిని వాడిన సందర్భం ఎంఎస్-డాస్ 5.0. ఈ వెర్షన్ 1991లో విడుదలయ్యేసరికి, డాస్ వెర్షన్ 3 లేదా 4 అయితేనే నడుస్తామని మొరాయించే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. వాటి కోసం మైక్రోసాఫ్ట్ సెట్‌వెర్.ఈఎక్స్‌ఈ ఇచ్చింది. ప్రోగ్రాము పేరు, దానికి చెప్పాల్సిన వెర్షన్ సంఖ్య ఇచ్చి సెట్‌వెర్‌ను నడిపితే ఆ జత ఒక పట్టికలో చేరుతుంది. ఆ పట్టిక ఉండేది సెట్‌వెర్.ఈఎక్స్‌ఈ ఫైలు లోపలే. కాన్ఫిగ్.సిస్‌లోని ఒక వరుస ద్వారా, యంత్రం మొదలైనప్పుడు ఇదే ఫైలు పట్టికతో సహా మెమరీలోకి చేరేది. అందుకే పట్టికను మార్చిన ప్రతిసారీ, మార్పు అమలు కావాలంటే యంత్రాన్ని తిరిగి ప్రారంభించాలని సెట్‌వెర్ సందేశం చూపేది.

1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6.0తో మైక్రోసాఫ్ట్ వీసేఫ్ అనే వైరస్ కాపలా ప్రోగ్రామునూ ఇచ్చింది. ఎగ్జిక్యూటబుల్ ఫైళ్లను ఎవరైనా మార్చబోతే హెచ్చరించడం దాని ఎంపికలలో ఒకటి. తన ఫైలును తానే తిరగరాసే సెట్‌వెర్, అటువంటి రాతను అనుమానించే వీసేఫ్ ఒకే పెట్టెలో వాడుకరికి అందాయి.

### యూనిక్స్, లినక్స్

యూనిక్స్‌లో వాడుకరి సెట్టింగులు హోం డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఫైళ్లలో ఉండటం తొలినుంచీ ఆనవాయితీ. ప్రోగ్రాము ఫైళ్లు నిర్వాహకుడి అధీనంలో ఉంటాయి కనుక మామూలు వాడుకరికి వాటిని మార్చే అనుమతే ఉండదు. అయినా కొన్ని మినహాయింపులున్నాయి. లినక్స్ తొలి దశలో ఆర్‌డెవ్ అనే ఆదేశం కెర్నల్ ఇమేజీ ఫైలులోనే మార్పులు చేసేది. ఆ ఫైలులో 508వ బైటు నుంచి రెండు బైట్లు రూట్ విభాగం ఏ డిస్కు మీద ఉందో చెబుతాయి. 506 నుంచి రెండు బైట్లు తెర విధానాన్ని, 498 నుంచి రెండు బైట్లు రూట్ విభాగాన్ని చదవడానికి మాత్రమే తెరవాలా అన్న విషయాన్ని చెబుతాయి. బూట్‌లోడర్లు ఈ వివరాలను నేరుగా కెర్నల్‌కు అందించగలిగాక ఆర్‌డెవ్‌తో పని లేకపోయింది.

గ్నూ ఈమ్యాక్స్ మరో దారిలో వెళ్లింది. లిస్ప్ ఫైళ్లన్నిటినీ చదివి సిద్ధమైన స్థితిలో ఉన్న ప్రోగ్రామును మెమరీ నుంచి యథాతథంగా కొత్త ఎగ్జిక్యూటబుల్‌గా రాసే అనెగ్జెక్ అనే ఏర్పాటు దానికుండేది. ఆపరేటింగ్ సిస్టమ్‌లు మారినకొద్దీ దీన్ని నిలబెట్టుకోవడం కష్టమైంది. 2020లో వచ్చిన 27.1 వెర్షన్‌తో, సిద్ధ స్థితిని విడి ఫైలులో దాచే పద్ధతి ముందుకొచ్చింది.

### క్షీణత

విండోస్ 3.ఎక్స్ కాలంలో ఐఎన్‌ఐ ఫైళ్లు, విండోస్ 95తో రిజిస్ట్రీ సెట్టింగులకు స్థిరమైన చోటు చూపించాయి. సర్వర్ మీద ఒకే ప్రతిని పదిమంది వాడే కార్యాలయాలు పెరిగాయి. 2007లో సాధారణ వినియోగదారులకు అందిన విండోస్ విస్టా, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మామూలు వాడుకరి రాయకుండా కట్టడి చేసింది. పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా అటువంటి రాతలను వాడుకరి సొంత ఫోల్డర్‌కు మళ్లించే ఏర్పాటు కూడా విస్టాలో ఉంది. కానీ ఈఎక్స్‌ఈ వంటి ఎగ్జిక్యూటబుల్ ఫైళ్లను ఆ మళ్లింపు నుంచి మినహాయించారు. ఫలితంగా, ఐఎన్‌ఐ ఫైలులో రాసే పాత ప్రోగ్రాము ఏదోలా నడిచింది. తన ఈఎక్స్‌ఈలో రాసుకునే పాత ప్రోగ్రాముకు మాత్రం అనుమతి లేదన్న జవాబే వచ్చింది.

## రకాలు

సెట్టింగులు ఫైలులో ఎక్కడ, ఎలా చేరతాయన్న దాన్ని బట్టి ఈ ప్రోగ్రాములను అయిదు రకాలుగా చూడవచ్చు.

స్థిర గది పద్ధతి. ప్రోగ్రాము రాసేటప్పుడే కొన్ని బైట్లను సెట్టింగుల కోసం కేటాయిస్తారు. వాటి స్థానం, పొడవు మారవు. వర్డ్‌స్టార్, టర్బో పాస్కల్, లినక్స్ కెర్నల్ ఇమేజీ ఈ రకం.

పట్టిక పద్ధతి. ఒకే విలువకు బదులు వరుసల పట్టికకు చోటు ఉంచుతారు. వరుసలు చేర్చవచ్చు, తీసేయవచ్చు. మొత్తానికి పరిమితి ఉంటుంది. సెట్‌వెర్ ఈ రకం.

తోక పద్ధతి. ఎగ్జిక్యూటబుల్ ఫైలు చివర అదనపు సమాచారాన్ని అతికిస్తారు. ప్రోగ్రామును మెమరీలోకి ఎక్కించే లోడరు, ఫైలు మొదట ఉండే శీర్షికలో చెప్పినంత మేరకే చదువుతుంది కనుక తోక వల్ల ఆటంకం ఉండదు. తమంతట తామే విచ్చుకునే జిప్ ఫైళ్లు, అనేక ఇన్‌స్టాలర్లు దీనిపైనే ఆధారపడ్డాయి. ఎస్‌క్యూలైట్‌లోని అపెండ్ వీఎఫ్‌ఎస్ అనే అనుబంధంతో ఒక పూర్తి డేటాబేసునే ఎగ్జిక్యూటబుల్ చివర ఉంచవచ్చు.

రిసోర్స్ పద్ధతి. విండోస్ ఎగ్జిక్యూటబుల్‌లో బొమ్మలు, మెనూలు, వాక్యాలు ఉండే రిసోర్స్ విభాగం వేరుగా ఉంటుంది. దాన్ని మార్చడానికి విండోస్‌లోనే ఫంక్షన్లు ఉన్నాయి. చోటు సరిపోకపోతే ఫైలును అవే సర్దుతాయి.

ప్రతిబింబ పద్ధతి. విడివిడి విలువలకు బదులు నడుస్తున్న ప్రోగ్రాము మెమరీ స్థితి మొత్తాన్ని కొత్త ఎగ్జిక్యూటబుల్‌గా రాస్తారు. ఈమ్యాక్స్ పాత పద్ధతి, కొన్ని కామన్ లిస్ప్ వ్యవస్థలు ఇచ్చే సదుపాయం ఈ కోవలోవి (చూ. లిస్ప్).

## పనిచేసే తీరు

### చిరునామా నుంచి ఫైలు స్థానానికి

ప్రోగ్రాముకు తన సెట్టింగు మెమరీలో ఎక్కడుందో తెలుసు. అదే విలువ ఫైలులో ఎన్నో బైటు వద్ద ఉందో కనుక్కోవడమే అసలు పని. ఇది ఫైలు రూపాన్ని బట్టి మారుతుంది.

డాస్ కామ్ ఫైలుకు శీర్షిక లేదు. ఫైలులో ఉన్నది ఉన్నట్టు మెమరీలోకి చేరుతుంది. దాని ముందు 256 బైట్ల వ్యవస్థా సమాచారం ఉంటుంది. కనుక మెమరీ చిరునామా నుంచి 256 తీసేస్తే ఫైలు స్థానం వస్తుంది. తెర రంగు చెప్పే బైటు మెమరీలో 384వ చిరునామాలో ఉందనుకుందాం. ఫైలులో అది 128వ స్థానంలో ఉంటుంది. ప్రోగ్రాము తన ఫైలును రాయడానికి తెరిచి, 128వ స్థానానికి జరిగి, ఒక్క బైటు రాసి మూసేస్తే పని అయిపోతుంది. అక్కడ 7 ఉంటే నల్లని తెర మీద బూడిద రంగు అక్షరాలు. 31 రాస్తే నీలం తెర మీద మెరిసే తెల్లని అక్షరాలు. ఇంత తేలిక కాబట్టే చిన్న ప్రోగ్రాములు రాసేవారిలో ఈ పద్ధతి బాగా వ్యాపించింది.

డాస్ ఈఎక్స్‌ఈ ఫైలుకు శీర్షిక ఉంటుంది. దాని పొడవు 16 బైట్ల లెక్కన శీర్షికలోనే 8వ స్థానంలో రాసి ఉంటుంది. ఆ పొడవును, సెగ్మెంటు చిరునామాను కలిపి లెక్క కట్టాలి. టర్బో పాస్కల్‌లో టైప్డ్ కాన్‌స్టెంట్లు అనే చలరాశుల తొలి విలువలు ఈఎక్స్‌ఈ ఫైలులోనే ఉండేవి కనుక ప్రోగ్రామర్లు సెట్టింగులకు వాటిని వాడుకునేవారు. విండోస్ పీఈ ఫైలులోనూ, లినక్స్ ఈఎల్‌ఎఫ్ ఫైలులోనూ విభాగాల పట్టిక చూసి, ఒక్కో విభాగం మెమరీలో ఎక్కడ మొదలవుతుందో, ఫైలులో ఎక్కడ మొదలవుతుందో పోల్చి లెక్కించాలి.

### గుర్తు వెతకడం

లెక్క కట్టడం ఇష్టం లేనివారు సెట్టింగుల గదికి ముందు అరుదైన అక్షరాల వరుస ఒకటి గుర్తుగా పెట్టి, ఫైలులో దాని కోసం వెతుకుతారు. ఇందులో ఒక చిక్కుంది. వెతకాల్సిన గుర్తు కూడా ప్రోగ్రాములో భాగమే కనుక అదే వరుస ఫైలులో రెండు చోట్ల దొరుకుతుంది. వెతికే కోడులోని ప్రతి ముందు తగిలితే సెట్టింగులు తప్పు చోట పడి ప్రోగ్రామును పాడుచేస్తాయి. అందుకే వెతికే గుర్తును రెండు ముక్కలుగా ఉంచి, నడిచేటప్పుడు కలిపి వాడతారు.

### తన ఫైలు ఎక్కడుందో తెలుసుకోవడం

డాస్ 2.0లో డైరెక్టరీలు వచ్చాయి కానీ, నడుస్తున్న ప్రోగ్రాముకు తాను ఏ డైరెక్టరీ నుంచి వచ్చిందో తెలిసే దారి లేదు. విడి సెట్టింగుల ఫైలు ఉంటే దాన్ని వెతకడం ప్రోగ్రాము పని. ఎగ్జిక్యూటబుల్‌లోనే ఉన్న సెట్టింగులను మాత్రం ఆపరేటింగ్ సిస్టమే ప్రోగ్రాముతోపాటు మెమరీలోకి తెచ్చిపెడుతుంది. ఈ పద్ధతి పాతుకుపోవడానికి ఇదొక ముఖ్య కారణం. 1984 నాటి డాస్ 3.0 నుంచి ప్రోగ్రాము పూర్తి చిరునామాను ఎన్విరాన్‌మెంట్ చివర ఉంచడం మొదలైంది. దానితో ప్రోగ్రాము తన ఫైలును తానే తెరుచుకోవడం సులువైంది. అదే సదుపాయంతో పక్కనే ఉన్న విడి ఫైలును కనుక్కోవడం కూడా అంతే సులువైంది.

### నడుస్తున్న ఫైలు మీద రాయడం

డాస్ ప్రోగ్రామును మెమరీలోకి ఎక్కించాక ఫైలును పట్టించుకోదు. విండోస్ అలా కాదు. నడుస్తున్న ఎగ్జిక్యూటబుల్‌ను రాయడానికి తెరవనివ్వదు, పేరు మాత్రం మార్చనిస్తుంది. లినక్స్‌లో కూడా నడుస్తున్న ఫైలును రాయడానికి తెరవబోతే ఫైలు వాడకంలో ఉందన్న లోపం వస్తుంది. అందువల్ల రెండు వ్యవస్థల్లోనూ ఒకే రకం దారి అనుసరిస్తారు. ముందు ఫైలుకు నకలు తీసి, నకలులో సెట్టింగులు రాసి, సరిచూస్తారు. తరవాత పేర్లు మార్చి పాతదాని స్థానంలో కొత్తది ఉంచుతారు. మధ్యలో కరెంటు పోయినా పాత ప్రతి చెడకుండా ఉండటం ఈ వరుసలోని అదనపు మేలు.

## ప్రయోజనాలు

- ప్రోగ్రాము, సెట్టింగులు ఒకే ఫైలు కనుక ఫ్లాపీలోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేస్తే చాలు.
- సెట్టింగుల ఫైలు కనిపించలేదన్న లోపానికి తావులేదు.
- విడి ఫైలును తెరిచి, చదివి, అర్థం చేసుకునే కోడు అక్కరలేదు. 64 కిలోబైట్లు దాటడానికి వీల్లేని కామ్ ఫైళ్లకు ఇది చెప్పుకోదగ్గ ఆదా.
- డిస్కు చోటు కలిసివస్తుంది. 360 కిలోబైట్ల ఫ్లాపీలో ఎంత చిన్న ఫైలైనా 1,024 బైట్లు ఆక్రమిస్తుంది. ప్రధాన డైరెక్టరీలో 112 పేర్లకు మించి పట్టవు.
- ఒకే ప్రోగ్రాముకు రెండు పేర్లతో రెండు ప్రతులు పెట్టుకుని, ఒక్కోదానికి ఒక్కో రకం సెట్టింగులు ఇవ్వవచ్చు.

## పరిమితులు, ప్రమాదాలు

బహుళ వాడుకరులు. ఫైలు ఒకటే కనుక సెట్టింగులూ ఒకటే. ఒకరు తెర రంగు మారిస్తే అందరికీ మారుతుంది. నెట్‌వర్క్ మీద చదవడానికి మాత్రమే అనుమతించిన ఫోల్డర్‌లో ఉంటే ఎవరూ మార్చలేరు.

కొత్త వెర్షన్. కొత్త ఎగ్జిక్యూటబుల్ పాతదాని స్థానంలోకి రాగానే సెట్టింగులన్నీ పోతాయి. పాత ఫైలు నుంచి వాటిని తీసి కొత్తదానిలో చేర్చే ఏర్పాటు తయారీదారే ఇవ్వాలి.

ఫైలు చెడటం. రాస్తుండగా కరెంటు పోయినా, డిస్కు నిండినా దెబ్బతినేది ప్రోగ్రామే. విడి ఫైలు చెడితే తొలి సెట్టింగులతోనైనా ప్రోగ్రాము నడుస్తుంది.

కుదింపు. ఫాబ్రిస్ బెల్లార్డ్ రాసిన ఎల్‌జెడ్‌ఎక్స్‌ఈ, తరవాత వచ్చిన పీకేలైట్, యూపీఎక్స్ వంటివి ఎగ్జిక్యూటబుల్‌ను కుదిస్తాయి. కుదించిన ఫైలులో సెట్టింగుల గది ఉన్న చోట ఉండదు. పాత స్థానంలో రాస్తే ప్రోగ్రాము పాడవుతుంది.

వైరస్ అనుమానం. కొన్ని వైరస్ నిరోధకాలు ప్రతి ఎగ్జిక్యూటబుల్ ఫైలుకూ దాని బైట్లన్నిటి నుంచి ఒక విలువను లెక్కించి దాచి, తరవాత పోల్చి చూస్తాయి. తన ఫైలును మార్చుకున్న ప్రోగ్రాము ఆ పోలికలో తప్పుతుంది. అసలు వైరస్‌ను, మామూలు సెట్టింగు మార్పును విడదీయడం కష్టమవుతుంది.

డిజిటల్ సంతకం. సంతకం చేసిన ఫైలులో ఒక్క బైటు మారినా సంతకం చెల్లదు. 2020 నుంచి ఆపిల్ సొంత ప్రాసెసర్ల మ్యాక్‌లలో ఆ ప్రాసెసర్ కోసం తయారైన ప్రతి కోడుకూ సంతకం తప్పనిసరి. 2016 నాటి ఆండ్రాయిడ్ 7.0తో వచ్చిన రెండవ తరహా సంతకం ఏపీకే ఫైలు మొత్తానికీ వర్తిస్తుంది. విండోస్ సంతకంలో మాత్రం లెక్కలోకి రాని చోటు ఒకటి ఉంది. సంతకాన్ని దాచే భాగాన్ని సంతకం లెక్కలో చేర్చరు. కొన్ని ఇన్‌స్టాలర్లు, డౌన్‌లోడు చేసుకున్నవారికి సంబంధించిన చిన్న సమాచారాన్ని ఆ చోట ఉంచుతాయి. దుర్వినియోగానికి వీలుందని మైక్రోసాఫ్ట్ 2013 డిసెంబరులో కఠినమైన తనిఖీని ప్రకటించింది. అందరికీ దాన్ని తప్పనిసరి చేసే ఆలోచనను 2014లో విరమించి, కావలసినవారు ఎంచుకునేలా ఉంచింది.

## తెలుగు ప్రాంతంలో, తెలుగు లిపితో

ఈ పద్ధతిని వాడిన ప్రోగ్రాములలో తెలుగునాట విద్యార్థులకు బాగా పరిచయమైనది టర్బో సి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల ప్రయోగశాలల్లో సి భాష నేర్పడానికి టర్బో సి, టర్బో సి++ చాలాకాలం వాడారు. టర్బో సి 2.0లో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. టీసీఇన్‌స్ట్ నడిపి చేసిన మార్పులు టీసీ.ఈఎక్స్‌ఈ ఫైలులో చేరేవి. ఎడిటర్ లోపలి ఆప్షన్స్ మెనూలో సేవ్ చేసినవి టీసీకాన్ఫిగ్.టీసీ అనే విడి ఫైలులో చేరేవి. ఆ విడి ఫైలు ఉంటే దానిలోని విలువలే చెల్లేవి, లేకపోతే ఈఎక్స్‌ఈలోనివి. హెడర్ ఫైళ్లు ఉండే డైరెక్టరీ చిరునామా తప్పుగా ఉంటే స్టడ్ఐఓ.హెచ్ తెరవలేకపోయానన్న లోపం తెర మీద కనిపించేది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు కనుక ఈ కంపైలర్‌ను ఇప్పుడు డాస్‌బాక్స్ వంటి వాటిలో నడుపుతారు.

తెలుగు అక్షరాలను స్థిర గదిలో దాచాల్సి వస్తే అదనపు ఇబ్బంది ఎదురవుతుంది. ఒక బిల్లుల ప్రోగ్రాము తన ఈఎక్స్‌ఈలో దుకాణం పేరు కోసం 20 బైట్ల గది ఉంచిందనుకుందాం. శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు వ్యాపారి ఒకరు అందులో "నౌపడ ఉప్పు" అని రాయాలనుకుంటే, ఫలితం ఏ సంకేత పద్ధతి వాడారన్న దాని మీద ఆధారపడుతుంది. ఖాళీతో కలిపి ఇందులో పది సంకేతాలున్నాయి.

- భారత ప్రమాణమైన ఇస్కీలో ఒక్కో సంకేతానికి ఒక బైటు. మొత్తం 10 బైట్లు, గదిలో సగం.
- యూటీఎఫ్-16లో ఒక్కో సంకేతానికి 2 బైట్లు. మొత్తం 20 బైట్లు. పేరు సరిగ్గా పడుతుంది కానీ ముగింపును సూచించే సున్నాకు చోటు లేదు.
- యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, ఖాళీకి 1. మొత్తం 28 బైట్లు. 20 దగ్గర కోస్తే "నౌపడ ఉప" వరకు 19 బైట్లు పోగా, పొల్లు గుర్తులో మూడోవంతు మాత్రం మిగిలి పేరు చివర అర్థం లేని చిహ్నం వస్తుంది.

గది పెంచాలంటే దాని వెనుక ఉన్నవన్నీ జరగాలి. అందుకు ప్రోగ్రామును తిరిగి కంపైల్ చేయాలి. తోక పద్ధతికి, విడి ఫైలుకు ఈ ఇబ్బంది లేదు.

ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే మరో చిక్కు. విండోస్‌లో తెలుగుకు యూనికోడ్ తప్ప పాత తరహా ఆన్సీ కోడ్ పేజీ లేదు. ఆన్సీ ఫంక్షన్లతో తన ఫైలు చిరునామా అడిగే పాత ప్రోగ్రాముకు తెలుగు అక్షరాల బదులు ప్రశ్న గుర్తులు వస్తాయి. ఆ చిరునామాతో తన ఫైలును తెరవబోతే దొరకదు. ప్రోగ్రాము నడుస్తుంది, సెట్టింగులు మాత్రం నిలవవు.

## ప్రత్యామ్నాయాలు

సెట్టింగులకు నేడు వాడుకలో ఉన్న చోట్లు ముఖ్యంగా నాలుగు. ప్రోగ్రాము పక్కన ఉంచే ఐఎన్‌ఐ, జేసన్ వంటి పాఠ్య ఫైళ్లు, వాడుకరి సొంత ఫోల్డర్‌లోని ఫైళ్లు (వీటికి లినక్స్‌లో ఎక్స్‌డీజీ అనే నిర్దేశం ఉంది), విండోస్ రిజిస్ట్రీ, ఫోన్లలో ఒక్కో యాప్‌కు వ్యవస్థ కేటాయించే సొంత నిల్వ. ఈ నాలుగింటిలోనూ కోడు, సమాచారం విడిగా ఉంటాయి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపే పోర్టబుల్ ప్రోగ్రాములు మొదటి దారిని ఎంచుకుని, ఒకే ఫైలు బదులు ఒకే ఫోల్డర్‌ను కాపీ చేసుకునే వీలు ఇస్తాయి (చూ. కాన్ఫిగరేషన్ ఫైలు, విండోస్ రిజిస్ట్రీ).

## నేటి స్థితి, ప్రాముఖ్యం

ఒకే ఫైలుగా ఉండటమే లక్ష్యమైన చోట ఈ పద్ధతి మిగిలింది. టీసీఎల్ భాషలోని స్టార్‌కిట్‌లు ప్రోగ్రామును, దాని ఫైళ్లను ఒకే ఫైలులో ఇముడ్చుతాయి. జెరెమీ రస్టన్ 2004లో విడుదల చేసిన టిడ్లీవికీ, రాసుకున్న నోట్సుతో సహా తన హెచ్‌టీఎంఎల్ ఫైలును కొత్తగా సేవ్ చేస్తుంది. అది ఎగ్జిక్యూటబుల్ కాకపోయినా సూత్రం ఇదే. జస్టీన్ టన్నీ 2021లో విడుదల చేసిన రెడ్‌బీన్ అనే వెబ్ సర్వర్ ఒకే ఎగ్జిక్యూటబుల్ ఫైలు; అది జిప్ ఫైలు కూడా. నడుస్తూనే కొత్త ఫైళ్లను తనలో చేర్చుకునే శక్తి దానికుంది.

కంప్యూటర్ భద్రత చరిత్రలో కూడా ఈ పద్ధతికి స్థానం ఉంది. ప్రోగ్రాము ఫైలు తయారీదారు నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, వాడుకరి సమాచారం వేరుగా ఉండాలి అన్న నియమాన్ని నేటి వ్యవస్థలు చాలావరకు సంతకాలతోనో, అనుమతులతోనో అమలు చేస్తున్నాయి. వర్డ్‌స్టార్, టర్బో పాస్కల్ కాలంలో ఒక యంత్రానికి, ఒక డిస్కుకు, ఒక వాడుకరికి సరిపోయిన ఏర్పాటు ఈ నియమంతో పొసగలేదు. రెడ్‌బీన్ కూడా తన ఫైలును తాను మార్చుకోవడానికి దాన్ని నడిపేవారు ప్రత్యేకమైన ఎంపిక ఇచ్చి అనుమతించాలి, ఇవ్వకపోతే మార్చుకోదు.